ఎర్రదా, పచ్చదా

లార్డ్స్‌బర్గ్ దగ్గర దుమ్ము లేచి
రహదారి మూసేశారు.
పోలీసు చెయ్యి ఊపిన వైపు మళ్లిన బళ్లన్నీ
డెమింగ్‌లో ఈ ఒక్క గుమ్మం ముందు
మూతులు ఆనించి నిలబడ్డాయి.

తలుపు దగ్గర పేరు రాయించుకుని నలభై నిమిషాలు.
నా పేరు అడిగిన పిల్ల
మూడుసార్లు విని, నవ్వేసి,
"తెల్ల చొక్కా" అని రాసుకుంది.
ఎన్ని ఫారాల్లో నింపానో ఆ పేరు!
ఇంత తేలిగ్గా ఎవరూ దాన్ని
నా భుజం మీంచి దించలేదు.

ఖాళీ బల్ల లేదు, ఖాళీ కుర్చీ ఉంది.
ఎదురుగా ఒక ముసలాయన,
ఒళ్లో పిల్లిని పడుకోబెట్టుకున్నట్టు టోపీ.
ఎలీహియో అన్నాడు.
నేనూ నా పేరు చెప్పాను.
ఆయన కాసేపు దాన్ని నోట్లో తిప్పి చూసి
చిప్స్ బుట్ట నా వైపు జరిపాడు.

"ఎర్రదా, పచ్చదా?"
జుట్టులోంచి పెన్సిల్ లాగుతూ అడిగింది ఓర్ఫా.
ఈ నేల మీద మొదటి ప్రశ్న ఇదేనట,
ఊరూ పేరూ అన్నీ దీని తర్వాతే.
నేను తడబడ్డాను.
నా భాషలో పచ్చ అంటే ఆకూ అదే, పసుపు కొమ్మూ అదే,
చివర గుడి పెడితే ఆరని పుండు.
నా బదులు ఎలీహియో చెప్పాడు: "క్రిస్మస్."
అక్టోబరులో క్రిస్మస్ ఏమిటి?
రెండూనట. పళ్లెంలో ఇటు ఎర్ర మిరప, అటు పచ్చ మిరప,
మధ్యలో చిక్కుడు గింజల గట్టు.

గట్టు రెండు ముద్దలు కూడా నిలవలేదు.

ముక్కు కారింది. చెవులు మూసుకుపోయాయి.
నీళ్ల గ్లాసు అందుకోబోతే
ఓర్ఫా నా చేతి మీద చిన్నగా కొట్టింది.
పొంగిన ఒక రొట్టె తెచ్చి, మూల తుంచి,
లోపలికి తేనె పోసింది.
పూరీ అనబోయి ఆగాను.
దానికో పేరుంది: సొపపియా.
పొద్దున్నే ఎవరో నన్ను చొక్కాగా మార్చారు కదా,
నేను మళ్లీ ఇంకొకర్ని మార్చడం ఎందుకు?

"ఏం పని?" అన్నాడు.
లారీ కాటాలు సరిచూస్తానన్నాను.
యాభై పౌన్ల గుండ్లు ఎక్కించి, దించి,
ముల్లు ఎక్కడ అబద్ధమాడుతోందో రాస్తాను.

ఆయన నమలడం ఆపాడు.

"మా బస్తాలు తూచిన కాటా ఒకటుండేది, హాచ్‌లో.
మిరపకాయలు ఏరి ఏరి
రాత్రిళ్లు కళ్లు నలుపుకోలేని చేతులు మావి.
ఆ కాటా బస్తాకి రెండు పౌన్లు మింగేది.
చేతులకి తెలుసు.
నోటికే, ఆ రోజుల్లో, అవతలి వాళ్ల మాట రాదు."

నేను కింద చూశాను, పళ్లెం వైపు.
ఎర్రా పచ్చా కలిసి
ఏ పేరూ లేని రంగొకటి మిగిలింది.

బిల్లు ఆయన ఇవ్వనివ్వలేదు. నేను ఆయన్ని ఇవ్వనివ్వలేదు.
ఓర్ఫా విసుక్కుని ఇద్దరి దగ్గరా సగం సగం లాక్కుంది.

బయట గాలి పడిపోయింది.
వ్యాను వెనక తలుపు తీయించాడు.
ముద్ర వేసిన ఇనప గుండు, యాభై పౌన్లు, వెంట్రుకవాసి తేడా లేదు.
"ఎనభై ఒకటి నాకు," అన్నాడు, "పట్టుకో, కానీ ఎత్తకు."
ఎత్తాడు.
మోచేతులు వణికాయి, మెడ నరం లేచింది.
కళ్లు మూసుకుని ఎంతసేపు ఉన్నాడో,
నేను గడియారం చూడలేదు.

"ఓహో," అన్నాడు.
"ఇంతేనా యాభై."

గుండు దించి, టోపీ దులిపి పెట్టుకుని,
వంతెన వైపు నడిచి వెళ్లాడు.

రోడ్డు తెరిచారని కేక వేస్తూ వచ్చిన పిల్ల
నా గుండెల మీది ఎర్ర మరక చూసి
చేతిలో కాగితం మీద ఏదో కొట్టేసింది.